విదేశీ కార్ల కంపెనీ అమ్మకానికొస్తే ప్రభుత్వం నిజంగా ఆదుకుంటుందా?

పుత్తూరు_నాన్న
అందరికీ నమస్కారం. మా వాడు ఐటీఐ ఫిట్టర్ చేసి చెన్నై అవతల ఒక విదేశీ కార్ల కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. పది రోజులుగా ఫ్యాక్టరీలో ఒకటే మాట, కంపెనీని అమ్మేస్తారని. కొనేవాళ్లు దొరికారని ఒకరు, మూసేస్తారని ఇంకొకరు. రెండు షిఫ్టులను ఒకటి చేశారట. ఇక్కడ పెళ్లి మాటలు నడుస్తున్నాయి, అమ్మాయి తరఫు వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్. మా వాడు మాత్రం "ఇన్ని వేల మందిమి ఉన్నాం నాన్నా, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా" అంటున్నాడు. వేరే చోట్ల ఇట్లా జరిగినప్పుడు ప్రభుత్వాలు ఏం చేశాయో తెలిసినవాళ్లు చెప్పండి.

పాకాల_జంక్షన్
సార్, దూరం పోనక్కర్లేదు, ఫోర్డ్‌నే చూడండి. 2021 సెప్టెంబరు 9న ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందన్నారు. ఫ్యాక్టరీలు రెండు. గుజరాత్‌లో సనంద్, చెన్నై దగ్గర మరైమలై నగర్.

సనంద్ విషయంలో గుజరాత్ ప్రభుత్వం మధ్యలో కూర్చుంది. 2022 మే నెలాఖరులో ప్రభుత్వం, ఫోర్డ్, టాటా కలిసి ఒప్పందం రాసుకున్నారు. ఆగస్టులో రేటు తేలింది, 725.7 కోట్లు. 2023 జనవరి 10న ఫ్యాక్టరీ టాటా చేతికొచ్చింది. అక్కడ అర్హులైన కార్మికులందరికీ టాటావాళ్లు ఉద్యోగాలు ఇస్తామన్నారు.

మరైమలై నగర్‌కు ఆ యోగం లేదు. 2022 జూలైలో ఆఖరి బండి బయటికొచ్చింది, జనం సెటిల్‌మెంట్ డబ్బు తీసుకుని ఇళ్లకు పోయారు. 2024లో స్టాలిన్ అమెరికా వెళ్లి ఫోర్డ్‌వాళ్లతో మాట్లాడాక మళ్లీ తెరుస్తామన్నారు. 2025లో ఇంజిన్ల తయారీకి 3,250 కోట్ల ఒప్పందం కుదిరింది. మంచిదే. కానీ 2022లో గేటు దాటి పోయినవాడు అన్నేళ్లు ఇంట్లో కూర్చోలేడు కదా.

సనంద్‌కు కొనేవాడు ఉన్నాడు, అక్కడి ప్రభుత్వం అనుమతులు, రాయితీల పని తొందరగా తెమిల్చింది. కొనేవాడే లేకపోతే ఏ ప్రభుత్వమైనా తెచ్చి నిలబెట్టడం కష్టం.

చంద్రగిరి_కోట
అసలు విదేశీ కంపెనీని మన డబ్బుతో ఎందుకు ఆదుకోవాలి? లాభాలొచ్చిన ఏళ్లలో డబ్బు వాళ్ల దేశానికి పోయింది. నష్టం వచ్చేసరికి మన పన్నుల డబ్బు గుర్తొస్తుందా? పీలేరులో టమాటా రైతు కిలో రూపాయికి కూడా అమ్ముడుపోక రోడ్డు మీద పారబోస్తే ఏ బ్రిడ్జ్ లోన్ (గడ్డుకాలం దాటడానికి ఇచ్చే తాత్కాలిక అప్పు) ఇచ్చారు? పుత్తూరు సార్, మీ బాధ అర్థమవుతుంది. మీ అబ్బాయి మీద కోపం కాదు ఇది.

స్వర్ణముఖి_ఒడ్డు
చంద్రగిరి గారి ప్రశ్న సరైనదే. 2009లో జర్మనీ అంతా ఇదే వాదించుకుంది. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఓపెల్ కథ ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

ఓపెల్ 1862లో రుసెల్స్‌హైమ్ అనే ఊళ్లో కుట్టు మిషన్ల కంపెనీగా మొదలైంది. తర్వాత సైకిళ్లు, ఆ తర్వాత కార్లు. అమెరికా జనరల్ మోటార్స్ 1929లో ఎక్కువ వాటా, 1931లో మొత్తం కొనేసింది. అంటే జర్మన్లు తమదనుకునే బండికి ఎనభై ఏళ్లుగా యజమాని అమెరికావాడు. 2009 జూన్ 1న జనరల్ మోటార్స్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. జర్మనీలో ఓపెల్ ఉద్యోగులు సుమారు 25 వేల మంది. తల్లి కంపెనీ మునిగితే పిల్ల కంపెనీ ఆస్తులు అమెరికా కోర్టు పాలవుతాయని అందరికీ భయం.

దివాలాకు రెండు రోజుల ముందు, మే 30 తెల్లవారుజామున, మెర్కెల్ ప్రభుత్వం రాత్రంతా చర్చలు జరిపి ఒక దారి వేసింది. 150 కోట్ల యూరోల బ్రిడ్జ్ లోన్ ఇచ్చింది. ఓపెల్ వాటాల్లో 65 శాతాన్ని ఒక ట్రస్టు చేతిలో పెట్టించింది. కొనుగోలుదారుగా కెనడా విడిభాగాల కంపెనీ మాగ్నా, దానితో రష్యా స్బెర్‌బ్యాంక్. ఫియట్ కూడా పోటీకి వచ్చి వెనకబడింది. మాగ్నా వస్తే మొత్తం 450 కోట్ల యూరోల దాకా సాయం ఇస్తామని జర్మనీ చెప్పింది. అప్పటి ఆర్థిక వ్యవహారాల మంత్రి గుట్టెన్‌బర్గ్ మాత్రం ఇంత రిస్కు వద్దు, చట్టప్రకారం దివాలా ప్రక్రియకు పోనిద్దామన్నాడు. ఆయన మాట చెల్లలేదు. సెప్టెంబరు 27న ఎన్నికలున్నాయి మరి.

సెప్టెంబరు 10న జనరల్ మోటార్స్ కూడా మాగ్నాకే సరేనంది. మాగ్నా, స్బెర్‌బ్యాంక్‌లకు కలిపి 55 శాతం, ఉద్యోగులకు 10, తనకు 35. ఎన్నికలయ్యాయి. బ్రసెల్స్ నుంచి యూరోపియన్ కమిషన్ అడిగింది: ఈ సాయం ఎవరు కొన్నా ఇస్తారా, మాగ్నా కొంటేనే ఇస్తారా? ఒకరికే అయితే అది పోటీ నిబంధనలకు విరుద్ధం. నవంబరు 3న జనరల్ మోటార్స్ బోర్డు అసలు అమ్మడమే లేదంది. బ్రిడ్జ్ లోన్ తిరిగి కట్టేసింది. ఆర్నెల్లు జర్మనీ ఛాన్సలర్ కార్యాలయం, నాలుగు రాష్ట్రాలు, కార్మిక సంఘాలు చేసిన చర్చలన్నీ ఒక్క బోర్డు మీటింగులో కొట్టుకుపోయాయి.

కాణిపాకం_సెంటర్
మరి ఆ తర్వాత ఓపెల్ ఏమైంది సార్?

స్వర్ణముఖి_ఒడ్డు
2010 జూన్‌లో జనరల్ మోటార్స్ మళ్లీ గ్యారంటీ అడిగితే కొత్త మంత్రి బ్రూడర్లె ఇవ్వనన్నాడు. అదే ఏడాది చివర్లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ ఫ్యాక్టరీ మూతపడింది. 2014 డిసెంబరులో బోఖుమ్ కూడా. 2017లో ఫ్రాన్స్ కంపెనీ పీఎస్ఏకు అమ్మేశారు, ఫైనాన్స్ విభాగంతో కలిపి 220 కోట్ల యూరోలు. ఆ పీఎస్ఏలో ఫ్రెంచి ప్రభుత్వానికి కూడా వాటా ఉండేది. 2018లోనే ఓపెల్ లాభాల్లోకి వచ్చింది. ఇప్పుడది స్టెల్లాంటిస్‌లో భాగం.

నేను పిల్లలకు చెప్పింది ఇదీ. డబ్బిచ్చింది జర్మనీ. వాటాల కాగితం మాత్రం డెట్రాయిట్‌లో, జనరల్ మోటార్స్ దగ్గరే ఉంది. యజమాని సంతకం లేకుండా ఎవరూ దేన్నీ అమ్మలేరు. పొలం పట్టా ఒకరి పేర ఉంటే, సాగుకు అప్పిచ్చినవాడు బేరం కుదిర్చినా రిజిస్ట్రేషన్ ఎట్లా అవుతుంది?

చంద్రగిరి_కోట
చూశారా, నేనన్నదీ అదే. అప్పిచ్చి మాట పడటం తప్ప ప్రభుత్వానికి ఏం మిగిలింది?

స్వర్ణముఖి_ఒడ్డు
అప్పు తిరిగొచ్చింది కదా సార్. ఆ ఆర్నెల్లు జీతాలు ఆగలేదు. 2009 మేలోనే చేతులెత్తేసి ఉంటే, 2017లో అమ్మడానికి ఓపెల్ ఉండేది కాదు. నా ఫిర్యాదు డబ్బిచ్చినందుకు కాదు, ఒక్క కొనుగోలుదారునే పట్టుకుని వేలాడినందుకు, ఎన్నికల క్యాలెండర్ చూసి తొందరపడినందుకు.

నగరి_పవర్‌లూమ్
ఇంగ్లాండు రోవర్ సంగతి కూడా రాయండి ఎవరైనా. మన ఇండికాకు రోవర్ బొమ్మ తగిలించి సిటీరోవర్ పేరుతో అక్కడ అమ్మారు, గుర్తుందా?

పాకాల_జంక్షన్
గుర్తుంది అన్నా, పుణేలో తయారైన ఇండికానే. 2003లో వచ్చింది.

రోవర్‌ను బీఎండబ్ల్యూ 1994లో 80 కోట్ల పౌండ్లకు కొని, నష్టాలు భరించలేక 2000లో 10 పౌండ్లకు వదిలించుకుంది. అవును, పది పౌండ్లే. లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీని ఫీనిక్స్ అనే నలుగురు వ్యాపారుల బృందం తీసుకుంది. అప్పటి బ్రిటన్ ప్రభుత్వం కూడా వాళ్ల వైపే మొగ్గింది, ఎందుకంటే ఉద్యోగాలన్నీ ఉంచుతామన్నది వాళ్లే. ఐదేళ్లకు 2005 ఏప్రిల్‌లో కుప్పకూలింది. చైనా కంపెనీ ఎస్ఏఐసీతో చర్చలు తెగే సమయంలో ఒక వారం జీతాల కోసం ప్రభుత్వం 65 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. వారం తర్వాత సుమారు 6 వేల మంది రోడ్డున పడ్డారు. తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణలో తేలింది ఏమిటంటే, ఆ నలుగురూ, వాళ్ల సీఈఓ కలిసి జీతాలు, పెన్షన్ల కింద 4 కోట్ల పౌండ్లకు పైగా తీసుకున్నారు.

దీని మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. "ఎవరి ఉద్యోగమూ పోదు" అన్నవాణ్ణి అందరూ నమ్మారు. సొంత డబ్బు ఎంత పెడతావు, కొత్త మోడల్‌కు పెట్టుబడి ఎక్కడిది అని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

తిరుచానూరు_పద్మ
నేను బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేశాను, ఎక్కువ కాలం పరిశ్రమల అప్పుల విభాగంలో. మీరంతా యూరప్ చెబుతున్నారు. మన మహీంద్రా కథ చెప్తాను, అందులో విదేశీ యజమానులం మనమే.

కొరియాలో సాంగ్‌యాంగ్ అని కార్ల కంపెనీ. 2004లో చైనా ఎస్ఏఐసీ కొంది. 2009 జనవరిలో చేతులెత్తేసింది, కోర్టు రక్షణలోకి పోయింది. 2,600 మందికి పైగా తీసేస్తామంటే కార్మికులు ప్యోంగ్‌టేక్ ఫ్యాక్టరీని 77 రోజులు ఆక్రమించుకున్నారు. 2011లో మహీంద్రా కొంది, 70 శాతం వాటా. మీలో రెక్స్‌టన్ చూసినవాళ్లు ఉంటారు, ఆ కంపెనీదే. ఎక్స్‌యూవీ300 కూడా వాళ్ల టివోలి ప్లాట్‌ఫామ్ మీద కట్టిందే.

2018 జూలైలో కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆనంద్ మహీంద్రాను కలిసి, 2009లో పోయిన ఉద్యోగుల సంగతి చూడమని అడిగారు. సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది, మిగిలిన 119 మందిని తిరిగి తీసుకోవాలని. దేశాధ్యక్షుడు విదేశీ యజమానిని ముఖాముఖి అడిగితే పని జరిగింది. ఇది కూడా ప్రభుత్వ జోక్యమే, ఒక్క వాన్ (కొరియా కరెన్సీ) ఖర్చు కాలేదు.

కానీ 2020 ఏప్రిల్‌లో కోవిడ్ మధ్య, ఇంకో 23 వేల కోట్ల వాన్ పెట్టమంటే మహీంద్రా బోర్డు కుదరదంది. కొరియా ప్రభుత్వ బ్యాంకు కేడీబీ వైపు చూశారు. పెద్ద వాటాదారు ముందు తన డబ్బు పెట్టాలన్నది ఆ బ్యాంకు పట్టు. 2020 డిసెంబరు 21న సాంగ్‌యాంగ్ మళ్లీ కోర్టుకెక్కింది. ఎడిసన్ మోటార్స్ అనే చిన్న కంపెనీ కొంటానని వచ్చి 2022 మార్చికి డబ్బు కట్టలేకపోయింది. చివరికి కేజీ గ్రూప్ తీసుకుంది, 2023లో పేరు కేజీ మొబిలిటీ అని మార్చారు.

చంద్రగిరి గారూ, ఇక్కడ కేడీబీని నేను తప్పు పట్టను. బ్యాంకరుగా నేనైనా అదే అడిగేదాన్ని. ప్రమోటర్ జేబులోంచి తీయని డబ్బు డిపాజిటర్ల జేబులోంచి ఎందుకు తీయాలి?

చంద్రగిరి_కోట
ధన్యవాదాలు అక్కా. ఆ మాట నేను ఒప్పుకుంటాను. షరతులు పెట్టి, యజమాని డబ్బు ముందు పెట్టించి ఇస్తే నాకూ అభ్యంతరం లేదు.

కాణిపాకం_సెంటర్
ప్రభుత్వం అడ్డుపడిన కేసు కూడా ఉంది. మహారాష్ట్ర తలేగావ్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ. 2020 జనవరిలో చైనా గ్రేట్ వాల్‌కు అమ్ముతామని ఒప్పందం. ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల పెట్టుబడికి ముందే అనుమతి తీసుకోవాలని కేంద్రం నిబంధన మార్చింది. అనుమతి రాలేదు, 2022 మధ్యలో బేరం రద్దయింది. 2023లో హ్యుందాయ్ ఒప్పందం రాసుకుంది. దేశ భద్రత కారణం సబబే అనుకుందాం, కానీ బేరం ఎటూ తేలక కార్మికులు కోర్టుల చుట్టూ తిరిగారు.

రేణిగుంట_ప్రెస్‌షాప్
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటా. ఇవాళ రాయాలనిపించింది.

మాది చిన్న స్టాంపింగ్ యూనిట్. మూడు పవర్ ప్రెస్సులు, పద్నాలుగు మంది. ఒక కార్ల కంపెనీకి విడిభాగాలిచ్చే పెద్ద వెండర్‌కు మేం బ్రాకెట్లు కొట్టి ఇచ్చేవాళ్లం. ఆ కార్ల కంపెనీ మోడల్ ఆపేసింది. పేరు అనవసరం. మాకు కబురు కూడా కార్ల కంపెనీ నుంచి రాలేదు, వెండర్ ఆఫీసు కుర్రాడు వాట్సాప్‌లో "వచ్చే నెల షెడ్యూల్ నిల్" అని పెట్టాడు. అంతే.

మా షెడ్డులో ఇప్పటికీ నాలుగు డైలు (రేకును ఆకారంలోకి కొట్టే ఇనప అచ్చులు) ఉన్నాయి. ఒక్కోటి ఇద్దరు ఎత్తలేరు, చైన్ పుల్లీ కావాలి. పక్కన పార్ట్ నంబరు చెక్కి ఉంది, దాని కింద కస్టమర్ ఆస్తి అని. అంటే అవి మావి కావు, తుక్కు కింద అమ్మకూడదు. తీసుకుపొమ్మని మెయిల్ పెడితే జవాబు లేదు. తుప్పు పడితే రేపు వచ్చి మమ్మల్నే అడుగుతారని నెలకోసారి గ్రీజు పూసి టార్పాలిన్ కప్పుతున్నాను. మా ప్రెస్ ఆపరేటర్ ఒకతను, ఏడేళ్లు మా దగ్గరే చేశాడు, ఇప్పుడు మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాడు, మిగతా నెలలు ఆటో.

ఇన్ని కథలు చెప్పారు. ఓపెల్‌లో 25 వేల మందీ, రోవర్‌లో 6 వేల మందీ. ఆ లెక్కల్లో మాలాంటి షెడ్లు ఎక్కడున్నాయో నాకు కనబడలేదు. ప్రభుత్వం అమ్మకంలో కూర్చుంటే మొదట అడగాల్సింది వెండర్ బకాయిలు ఎవరు కడతారు అని. అది తేలాకే సంతకం పెట్టనివ్వాలి.

తిరుచానూరు_పద్మ
తమ్ముడూ, చదివి మనసు కలతపడింది. చట్టంలో మీ చోటు ఎక్కడో చెప్తాను. 2016 దివాలా చట్టం ప్రకారం కంపెనీ లిక్విడేషన్‌కు పోతే, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చే దశకు వస్తే, ముందు ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టున్న బ్యాంకులు ఒకే వరుసలో. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. సరుకిచ్చిన వెండర్ల వంతు చాలా కింద. అక్కడికి వచ్చేసరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని వేరే చట్టం ఉంది. మీ యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉంటే, ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ఇన్వాయిస్‌లు, డెలివరీ చలాన్లు పెట్టుకున్నారా?

రేణిగుంట_ప్రెస్‌షాప్
అన్నీ ఉన్నాయక్కా, రెండు ఫైళ్లు. మళ్లీ ఆర్డర్లివ్వరేమోనన్న భయంతో వేయలేదు. ఇప్పుడు ఆ భయం దేనికి. ఈ వారం వేస్తాను.

సత్యవేడు_బస్టాండ్
నాది కూడా రాస్తాను. నేను ఒక కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ షాప్‌లో నాలుగేళ్లు చేశాను. మూసేటప్పుడు పర్మినెంట్ వాళ్లు గేటు ముందు ధర్నా చేశారు, సంఘం మాట్లాడింది, ప్రభుత్వం తరఫున అధికారులు వచ్చారు, సెటిల్‌మెంట్ పెంచుకున్నారు. న్యాయమే. మాది కాంట్రాక్ట్. మాకు ఒక శుక్రవారం సాయంత్రం బస్సెక్కే ముందు గేటు పాస్ తీసుకున్నారు. అదే యూనిఫాం, అదే లైన్, అదే క్యాంటీన్ సాంబారు. చర్చలు జరిగిన గదిలో మా లిస్టు ఎవరి దగ్గరా లేదు.

పుత్తూరు సార్, మీ వాణ్ణి ఒక్కటి అడగండి. జీతం చీటీ మీద ఎవరి పేరుంది?

పుత్తూరు_నాన్న
అందరి పోస్టులూ నిన్న రాత్రి కూర్చుని చదివాను, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. స్వర్ణముఖి సార్ రాసింది మా వాడికి వాట్సాప్‌లో పంపాను.

సత్యవేడు తమ్ముడు చెప్పినట్టు అడిగాను. మా వాడు జీతం చీటీ ఫొటో తీసి పంపాడు. దాని మీద కార్ల కంపెనీ పేరు లేదు. చెన్నైలో ఏదో మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరుంది. ఆరేళ్లలో అది మూడో ఏజెన్సీ అట. ఆ కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని దసరాకు ఊరికొస్తాడు, మేమంతా కంపెనీ ఉద్యోగమే అనుకున్నాం. వాడు కూడా అనుకున్నాడు.

సత్యవేడు_బస్టాండ్
సార్, కంగారుపడకండి. మూడు ఏజెన్సీల పేర్లూ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాసిపెట్టమనండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ ఏజెన్సీ ఎన్ని నెలలు కట్టిందో కనబడుతుంది, అది డౌన్‌లోడ్ చేసుకోమనండి. గేటు పాస్‌కు రెండు వైపులా ఫొటో తీసుకోవాలి, అది లాక్కున్నాక నా దగ్గర నేను అక్కడ పని చేసినట్టు ఏ రుజువూ మిగల్లేదు. పర్మినెంట్ వాళ్ల సంఘంలో ఎవరైనా తెలిసి ఉంటే ఇప్పుడే కలిసి, కాంట్రాక్ట్ వాళ్ల లిస్టు కూడా చర్చల్లో పెట్టమని అడగమనండి. అమ్మకం సంతకాలయ్యాక ఎవరూ వినరు.

తిరుచానూరు_పద్మ
ఆ కాగితాలన్నీ పట్టుకుని నా దగ్గరికి పంపండి సార్, నేను చూసి చెబుతాను. అమ్మాయి వాళ్లకు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పుత్తూరు_నాన్న
చెబుతాం అమ్మా. శనివారం రాత్రి బయల్దేరి వస్తానన్నాడు. ఆదివారం ఇద్దరం మీ దగ్గరికి వస్తాం.